చెవిపూసలు తీసేశాక

నమోదు 1
దొరికిన మాట: తెప్ప

కాగితాల్లో దీని పేరు తీర మంచినీటి కేంద్రం. నన్ను కాకినాడ నుంచి తీసుకొచ్చిన పడవాయన మాత్రం దారి పొడుగునా "తెప్ప" అనే అన్నాడు. "తెప్ప మీద గాలెక్కువండి, చున్నీ ముడేసుకోండి." "తెప్ప మీదోళ్లు మాట్లాడరండి, మీరేం అనుకోకండి."

తెప్ప అంటే నాలుగు దుంగలు కలిపి కట్టిన బొమ్మ నా కళ్లముందుకొచ్చింది. తీరా చూస్తే మా కదిరి బస్టాండంత ఇనుప పలక. దాని మీద పంపులు, తొట్లు, కరెంటిచ్చే ఎండపలకలు, ఒక మూల తాడు మీద ఆరేసిన చీరలు. అయినా ఆ మాట దానికి సరిగ్గా అతికింది. నీళ్ల మీద తేలుతూ మనుషుల్ని మోసేది ఎంత పెద్దదైనా తెప్పే కదా. వెంటనే రాసుకున్నాను. రోజుకొక మాట సంపాదించాలని మా కాలేజీలో చేరిన నాడే ఒట్టు పెట్టుకున్నాను.

ఇక్కడ సముద్రపు నీటిని జల్లెడల్లోంచి తోసి ఉప్పు విడదీస్తారు. తీపి నీళ్లు అడుగున గొట్టంలో ఒడ్డుకు పోతాయి. ఒడ్డున ఊళ్ల బావులన్నీ ఉప్పుబడ్డాక తాగడానికి ఈ నీళ్లే దిక్కు.

నా పని నీళ్లతో కాదు, మాటలతో. సంభాషణ విద్యలో రెండో ఏడాది చదువుతున్నాను. వానలు మొదలయ్యేదాకా ఇక్కడుండి, ఈ తెప్ప మీద వాళ్లకు మాట్లాడటం నేర్పాలి. "మాటల శిక్షణ ద్వారా పనిచోట వాతావరణం మెరుగుపరచుట" అని నా ఉత్తర్వులో రాశారు. వాతావరణం అన్న మాట చూసి పడవాయన, "వానొస్తదో రాదో కూడా మీరే చెప్తారాండి?" అని అడిగాడు.

భోజనాల గదిలో వంటాయన గుర్రాజు అష్టాచెమ్మా గీసుకుని ఒక్కడే ఆడుకుంటున్నాడు. పిక్కల బదులు చిన్న తెల్లపూసలు. అవి చెవిపూసలని దగ్గరికెళ్లాక గాని గుర్తుపట్టలేదు. నా చిన్నప్పుడే ఒడ్డున మానేశారు. చెవిలో పెట్టుకుంటే ఎదుటివాళ్ల మాటను లోపలికి వెళ్లేలోపు మర్యాదగా మార్చి వినిపించేవట. తెప్ప మీద మొన్నటిదాకా అందరూ పెట్టుకున్నారు, మెలకువగా ఉన్నంతసేపూ. ఉప్పుగాలికి ఒక్కొక్కటే చచ్చిపోయాయి. చేసే కంపెనీ మూతపడింది.

"ఇప్పుడెలా ఉందండి, పూసలు లేకుండా?" అని అడిగాను.

గుర్రాజు నలుగురు కూర్చున్న బల్ల వైపు చూపించాడు. అందరూ తలలు వంచుకుని అన్నం కలుపుతున్నారు. చెంచా పళ్లేనికి తగిలితే ఉలిక్కిపడుతున్నారు.

"పచ్చి మాట ఎలాగుంటదో మర్చిపోయారండి," అన్నాడు గుసగుసగా. "బయమండి."

నమోదు 2
దొరికిన మాట: అండి

మొదటి పాఠం బ్రహ్మాండంగా జరిగింది. అదే నాకు అనుమానంగా ఉంది.

మా పుస్తకంలో మొదటి అధ్యాయం మృదువుగా అడగటం. "దయచేసి", "మీకు వీలైతే", "అన్యథా భావించకండి". బోర్డు మీద రాసి, చెప్పించాలనుకున్నాను. రాయకముందే వాళ్లకు వచ్చేశాయి. పంపుల దగ్గర పనిచేసే నూకరత్నంగారు లేచి నిలబడి, "మీకు వీలైతే ఆ కిటికీ మూయగలరా అండి, అన్యథా భావించకండి," అని ఒక్క తడబాటు లేకుండా అప్పజెప్పారు. మీటర్ల బోర్డు గది చూసే భ్రమరాంబగారు కిటికీ మూసి, "మీకు సహాయపడగలిగినందుకు సంతోషమండి," అన్నారు.

ఇద్దరికీ యాభైకి అటూ ఇటూ ఉంటాయి. రత్నంగారు పొట్టి, గట్టి మనిషి, చేతులు పురిపెట్టిన తాళ్లలా ఉంటాయి. భ్రమరాంబగారు పొడుగు, కళ్లజోడు, నడిచేటప్పుడు చప్పుడే ఉండదు. ఇన్నేళ్లు పూసల్లోంచి విని విని అందరూ పూసలాగే మాట్లాడుతున్నారు. నేను నేర్పడానికి వచ్చిన భాష వాళ్లకు నాకంటే బాగా వచ్చు. అయినా గదిలో చలిగానే ఉంది, ఆ కిటికీ మూసినా.

పాఠం అయ్యాక గిన్నెలు కడుగుతుంటే గుర్రాజు చెప్పాడు: "ఆళ్లిద్దరూ వదినా ఆడపడుచులండి."

"ఎవరు?"

"బ్రమరాంబగారు, రత్నంగారండి. రత్నంగారి అన్నయ్యని చేసుకున్నారు ఈవిడ. పూసలు రాకముందు ఈ తెప్ప మీద ఆళ్లిద్దరి ఏళాకోళం చూట్టానికి పడవలాపుకునేవోరండి బాబూ. 'ఏమే నా మొగుడి చెల్లెలా' అని ఈవిడ, 'నీ మొహానికి మా అన్నయ్య ఎక్కువే' అని ఆవిడ. ఒకరి జుట్టు ఒకరు పట్టుకోటమే తక్కువ."

"మరి ఇప్పుడు 'గారు' అనుకుంటున్నారే?"

"ఏం జరిగిందో తెల్దండి. అన్నయ్యగారు పోయిన కాణ్నించే అలాగ. ఆళ్ల ఇల్లు సముద్రంలో కలిసిపోయింది, ఇంకెవరూ లేరు. ఉన్న ఇద్దరూ ఇలాగ."

నమోదు 3
దొరికిన మాట: క్రియ

క్రియ కొత్త మాటేం కాదు, వ్యాకరణంలో చదివిందే. కానీ ఇవాళ దాని బరువు చూశాను.

నెలకోసారి జల్లెడలకు ఎదురుకడుగు చేస్తారు. నీటిని వెనక్కి తోసి పాచి వదలగొట్టడం. ముందుగా తీపి తొట్టి గేటు మూయాలి. తర్వాత డెక్కు మీద పెద్ద చక్రం తిప్పుతూ ఒత్తిడి పెంచాలి, మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి రాగానే ఆపాలి. ముల్లు బోర్డు గదిలో భ్రమరాంబగారికి కనిపిస్తుంది. చక్రం బయట రత్నంగారి చేతిలో ఉంటుంది. ఉప్పుగాలికి మోటార్లు నిలవవు కాబట్టి చక్రం మనిషే తిప్పాలి. ఇద్దరి మధ్యా ఒక మైకు తీగ.

ముల్లు గీత దాటబోతోంది. భ్రమరాంబగారు మైకులో అన్నారు: "రత్నంగారూ, అన్యథా భావించకండి, మీకు వీలైతే దయచేసి చక్రాన్ని ఇక కొంచెం..."

మన భాషలో క్రియ చివర్న వస్తుంది. "ఆపండి" అనే ముక్క ఇంకా నోట్లోనే ఉంది. నీళ్లు వాక్యం చివరిదాకా ఆగలేదు. గేటు రబ్బరు తన్నుకుని ఊడి, ఉప్పునీరంతా తీపి తొట్టిలోకి వచ్చిపడింది. చక్రం వెనక్కి తిరిగి రత్నంగారి మణికట్టు మీద కొట్టింది.

తొట్టి మొత్తం సముద్రంలోకి వదిలేశారు. ఆ పూట ఒడ్డున కుళాయిలు రాలేదు.

సాయంత్రం రత్నంగారు చేతికి కట్టుతో భోజనానికి వచ్చారు. భ్రమరాంబగారు లేచి నిలబడ్డారు. "మీకు త్వరగా నయం కావాలని కోరుకుంటున్నానండి," అన్నారు.

"ధన్యవాదాలండి," అన్నారు రత్నంగారు.

నేను పళ్లెం వదిలేసి బయటికి వచ్చేశాను. ఆ వాక్యం మా పుస్తకంలో ఉంది. నిన్నటి పాఠంలో నేనే బోర్డు మీద రాశాను.

నమోదు 4
దొరికిన మాట: తలకాయ ముక్క

ఒడ్డు నుంచి కబురు వచ్చింది. వానలకు ముందు తనిఖీ అధికారి వజ్రపాణిగారు వస్తారట. ఆయన ఎదుట ఎదురుకడుగు మళ్లీ చేసి చూపించాలి. చేయలేకపోతే ఈ బృందాన్ని విడదీసి వేర్వేరు తెప్పలకు పంపేస్తారు. ఎవరెవరు ఎక్కడికో కూడా ముందే రాసి పంపారు. రత్నంగారు నెల్లూరు వైపు. భ్రమరాంబగారు భీమిలి వైపు.

భ్రమరాంబగారు అది చదివి మడిచి, "ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తామండి. ఉద్యోగం కదా," అన్నారు. తర్వాత నేను పంపుల దగ్గరికి వెళ్తే రత్నంగారు గ్రీజు డబ్బా మూత పెడుతూ, నా వైపు చూడకుండా అడిగారు.

"పంతులమ్మగారూ. ఎలాగోలా మమ్మల్ని పాసు చేయించలేరాండి?"

"చేయిస్తానండి."

"నెల్లూరు మంచి ఊరేనండి. నాకేం బయం లేదు. కానీ ఆవిడకి దగ్గొత్తదండి వానాకాలం. కషాయం ఇస్తే తాగరు, తిట్టి తాగించాల. భీమిలోళ్లకేం తెలుస్తదండి?"

మధ్యాహ్నం నేను గమనించింది ఇది. కూరలో చేప తలకాయ ఒక్కటే వచ్చింది. గుర్రాజు దాన్ని భ్రమరాంబగారి పళ్లెంలో వేశాడు. ఆవిడ అటూ ఇటూ చూసి, దాన్ని తిరిగి గిన్నెలో పెట్టి, గుర్రాజు చెవిలో ఏదో అన్నారు. గుర్రాజు దాన్ని పట్టుకెళ్లి రత్నంగారి పళ్లెంలో వేశాడు. రత్నంగారు ఎవరిచ్చారని అడగలేదు. తలకాయ ముక్క శ్రద్ధగా తిన్నారు.

సాయంత్రం గాలి తిరిగి తుంపర తాడు మీదికి రావడం మొదలయ్యింది. రత్నంగారు కట్టు ఉన్న చేత్తోనే వెళ్లి, పొడుగు చీరలు మాత్రం తీసి లోపలి తాడు మీద వేశారు. పొడుగు చీరలు ఎవరివో నాకు తెలుసు.

వీళ్లకు శిక్షణ ఇవ్వాల్సింది ప్రేమలో కాదు. అది మాత్రం అర్థమయ్యింది. ఎక్కడో తీగ తెగింది.

నమోదు 5
దొరికిన మాట: నెత్తి



మర్యాద అధ్యాయం పక్కన పెట్టి, ఇవాళ "విన్నది విన్నట్టు" అభ్యాసం తీసుకున్నాను. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఎదుటి మనిషి ఎప్పుడో అన్న మాట, మనసులో నిలిచిపోయినది ఒకటి చెప్పాలి. అవతలి మనిషి దాన్ని మార్చకుండా తిరిగి చెప్పి, "సరిగ్గా విన్నానా?" అని అడగాలి. అంతే.

ముందు నేనూ గుర్రాజూ చేసి చూపించాం. "మీ అనుభూతిని పంచుకోండి అని మొదటి రోజు అన్నారండి మీరు," అన్నాడు. "అనుభూతంటే ఏం కూరో అర్థంగాక ఆ రోజంతా తిరిగానండి." ఒకరిద్దరు నవ్వారు. తెప్ప మీద నేను విన్న మొదటి నవ్వు.

తర్వాత వదినా ఆడపడుచులు. అది నేను కావాలని పెట్టిన జత. కాదని బుకాయించను.



"మా ఆయన పోయిన రోజండి," అన్నారు భ్రమరాంబగారు. "ఒడ్డు నుంచి కబురొచ్చింది. బోర్డు గదిలో నేల మీద కూలబడ్డాను. రత్నంగారొచ్చారు. నా భుజం మీద చెయ్యేశారు. వేసి, 'మీరు విచారించకండి. నేను మీకు అందుబాటులో ఉంటాను' అన్నారు." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కరెంటాఫీసు వాళ్లు కూడా అలాగే అంటారండి. తప్పేం లేదు. ఆ రోజు నుంచీ నేనూ నా హద్దులో ఉన్నాను."

ఇప్పుడు రత్నంగారు ఆ మాటను తిరిగి చెప్పాలి.

"నేనలా అన్లేదు."

"అన్నారండి. ఈ చెవితో విన్నాను."

"ఆ చెవిలో పూసుంది కదా!"

"పూస తిట్లనే కదండీ మార్చేది! ఇచ్చినప్పుడే చెప్పారు కదా, తిట్టునీ ఎత్తిపొడుపునీ మారుస్తుంది, ప్రేమని ముట్టుకోదని. ఓదార్పుని ఎందుకు మారుస్తుంది?"

రత్నంగారు లేచి నిలబడ్డారు. కుర్చీ వెనక్కి పడింది.

"తిట్టే కదా వదినా నేను తిట్టింది!"

వదినా. గారు కాదు.

"ఏమని తిట్టావు?" అన్నారు భ్రమరాంబగారు.

"'ఏడవకే పిచ్చిమొహమా' అన్నాను. 'ఆడు పోతే పోయాడు, నేను లేనా, చచ్చేదాకా నీ నెత్తి మీదే కూర్చుంటా, నన్నెక్కడికి తోలేత్తావో చూత్తా' అన్నాను. ఏడుత్తా అన్నాను. నువ్వు నాకేసి ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూశావు."

భ్రమరాంబగారు కళ్లజోడు పెట్టుకోవడం మర్చిపోయారు.

"అయినా నేను దానికి బదులు చెప్పానే. నీకేం వినపడింది?"

"'మీ సహకారానికి కృతజ్ఞతలు' అన్నావు."

"నా మొహం," అన్నారు భ్రమరాంబగారు. "కూర్చోవే, నువ్వు తప్ప నా నెత్తిన ఎవరున్నారే అన్నాను."

పూస చేసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. తిట్ల పట్టీ ఒకటి తయారు చేసుకుని ఉంటారు. అందులో పిచ్చిమొహం ఉంటుంది, నెత్తినెక్కడం ఉంటుంది, చావు ఉంటుంది. వీళ్ల ప్రేమంతా ఆ పట్టీలోనే దాక్కుని ఉందని వాళ్లకు ఎవరు చెప్తారు? ఈ మనుషులు 'గారు' అన్నారంటే కోపం వచ్చిందని అర్థం. ఆ సంగతి తెలియని యంత్రం, తిట్టులోంచి కోపాన్ని తీసేద్దామని ఇన్నేళ్లూ దాన్నే నింపింది.

భ్రమరాంబగారు లేచి, పడిపోయిన కుర్చీని నిలబెట్టి, రత్నంగారిని అందులో కూర్చోబెట్టారు. తను నేల మీద కూర్చుని ఆవిడ మోకాలి మీద తల పెట్టుకున్నారు. గుర్రాజు "నా చారు పొంగిపోతందండి" అంటూ బయటికి పరిగెత్తాడు. అందరం వెనకాలే వెళ్లాం. పొయ్యి మీద చారు లేదు.

నమోదు 6
దొరికిన మాట: తగిలింది

తెల్లారేసరికి అంతా సర్దుకుంటుందనుకున్నాను. నాలుక మనసంత తొందరగా తిరగదు.

"ఒసే," అని మొదలుపెడతారు భ్రమరాంబగారు మైకులో, "ఒసే... రత్నంగారూ."

"ఒసేకి గారేంటే, నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంటారు రత్నంగారు. వెంటనే నాలుక్కరుచుకుని, "అన్యథా భావించకండి," అంటారు.

అందుకని రోజూ పొద్దున్నే అభ్యాసం చేయిస్తున్నాను. పుస్తకంలో లేని అభ్యాసం. మొదట పేరు, వెంటనే క్రియ. "రత్నం, ఆపు." "వదినా, ఆపా." చెప్పింది విన్నానని తిరిగి చెప్పాలి. రాకపోతే రాలేదని, తిరగకపోతే తిరగట్లేదని, దాచకుండా చెప్పాలి. అది వచ్చాక మీ ఇంట్లో ఎలా పిలుచుకునేవారో అలా చెప్పండి అన్నాను. మూడో వంతు పాఠం తిట్లతోనే అయిపోతోంది. మా మాస్టారు చూస్తే ఏమంటారో.

కానీ ఇంకోటి జరిగింది. నోళ్లు విప్పుకున్నాక గుర్రాజుకు పట్టపగ్గాల్లేవు. నా కదిరి యాస పట్టుకున్నాడు. నేను మర్చిపోయి "అట్ల గాదు" అన్నానంటే రోజంతా "అట్ల గాదప్పా, ఇట్లప్పా" అని వెంటపడ్డాడు. పప్పు వడ్డిస్తూ కూడా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత తొట్టి వెనక్కి వెళ్లాక నవ్వు రాలేదు. మా అమ్మ మాట్లాడే మాటలవి.

తిట్టులో ప్రేమ ఉందని నేనే కదా పాఠం చెప్పాను. మరి నాకెందుకు నొప్పి? అక్కడే కూర్చుని ఆలోచించాను. రత్నంగారి తిట్టు భ్రమరాంబగారికి తెలుసు. ఆ తిట్టు వెనక ఎన్ని ఏళ్ల అన్నం ఉందో తెలుసు. గుర్రాజుకూ నాకూ మధ్య అంత లేదు.

మర్నాడు పాఠంలో నేనే ముందు లేచాను. "గుర్రాజుగారూ, మీరు నా యాసను వెక్కిరించారు. నాకు తగిలింది."

గుర్రాజు మొహం పాలిపోయింది. "అయ్యయ్యో, సరదాకండి పంతులమ్మగారూ! మీరు కూడా నవ్వారు కదండి!"

"నవ్వాను. అయినా తగిలింది."

"మరి ఎలా తెలుస్తదండి నాకు?"

మంచి ప్రశ్న. గదంతా నా వైపే చూసింది. భ్రమరాంబగారు నెమ్మదిగా అన్నారు: "అడగాలి. 'తగిలిందా' అని అడగాలి. తగిలితే తగిలిందని చెప్పాలి. అంతటితో ఆపేయాలి. పూస ఏ రోజూ మనల్ని అడగలేదు కదా, తనే తేల్చేసింది."

ఇప్పుడు తెప్పంతా ఇదే మాట. ఒకడు ఇంకొకడి బట్టతల మీద ఏదో అంటాడు, "తగిలిందా?" అంటాడు, "లేదెహె" అని జవాబు. ఒక్కోసారి "తగిలింది" అని వస్తుంది. అప్పుడు అన్నవాడు నోరు మూసుకుని అవతలివాడి పళ్లెం తీసుకెళ్లి కడిగిపెడతాడు. ఆ కడగడం ఎవరూ పెట్టిన నియమం కాదు, దానంతటదే వచ్చింది.

తగలడం ఎంత మంచి మాటో! దెబ్బ తగులుతుంది. గాలి తగులుతుంది. దారిలో మనిషి తగులుతాడు.

గుర్రాజు ఇవాళ నా పళ్లెంలో తలకాయ ముక్క వేశాడు. "రత్నంగారు ఒప్పుకున్నారండి," అన్నాడు.

నమోదు 7
దొరికిన మాట: మొద్దు

వజ్రపాణిగారు వచ్చారు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో తనిఖీ పలక. పడవ దిగుతూనే మొహం కడుక్కోవడానికి నీళ్లడిగి, "తీపివేనా?" అన్నారు.

బోర్డు గదిలో భ్రమరాంబగారి వెనక ఆయనా నేనూ నిలబడ్డాం. బయట గాలి అప్పటికే తిరిగింది, వాన వాసన వస్తోంది. రత్నంగారు చక్రం దగ్గర ఉన్నారు. మణికట్టుకు కట్టు విప్పేశారు. విప్పొద్దంటే వినలేదు.

"రత్నం, గేటు."

"మూశా వదినా."

"చూసి చెప్పవే."

"చూసే చెప్పానే. నీలాగ నాకు కళ్లజోడు లేదు."

వజ్రపాణిగారు తలెత్తారు.

"తిప్పు."

"తిప్పుతున్నా."

ముల్లు లేచింది. సగం దాకా సాఫీగా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. భ్రమరాంబగారు వంగి చూశారు.

మైకులో ఊపిరి చప్పుడు. తర్వాత రత్నంగారి గొంతు, చిన్నగా: "వదినా. చెయ్యి లాగేత్తంది. తిరగట్లేదే."

ఇంతకుముందు రత్నంగారైతే పళ్లు బిగించి ఊరుకునేవారు. చక్రం జారేది.

"వదలకు. అలాగే పట్టుకునుండు. గుర్రాజొస్తన్నాడు. నిన్ను మొండిదానివంటానే ఎప్పుడూ, అదిగో ఆ మొండితనం ఇప్పుడు చూపించు." మైకు మీద చెయ్యి పెట్టి కిటికీలోంచి కేకేశారు: "గుర్రాజూ, పరిగెత్తు!"

గుర్రాజు గరిటెతో సహా పరిగెత్తాడు. గరిటె పారేసి చక్రం రెండో వైపు పట్టుకున్నాడు. ముల్లు మళ్లీ కదిలింది. ఈసారి వేగంగా, ఇద్దరి బలంతో. ఎర్రగీత దగ్గరికి ఒక్క ఉదుటున వచ్చింది.

"ఆపవే మొద్దూ!"

"ఆపానే! నీ అరుపుకి చేపలు చత్తాయి!"

ముల్లు గీత మీద నిలబడింది. కదల్లేదు. నీళ్లు వెనక్కి పోయి జల్లెడలు ఊపిరి పీల్చుకున్న చప్పుడు తెప్పంతా వినపడింది. తీపి తొట్టిలోంచి గ్లాసుతో నీళ్లు పట్టి వజ్రపాణిగారికి ఇచ్చాను. ఆయన గ్లాసంతా తాగేశారు.

తర్వాత డెక్కు మీదికి వెళ్లి, పలక పట్టుకుని రత్నంగారి ఎదుట నిలబడ్డారు. "పని బాగుందండి. కానీ ఇక్కడ మర్యాద అని ఒక గడి ఉంది. ఆవిడ మిమ్మల్ని మొద్దు అన్నారు."

"ఆయ్. అన్నారండి." రత్నంగారి మొహం వెలిగిపోతోంది. గడ్డం పైకెత్తారు.

"తిట్టారన్నమాట."

"తిట్టారండి."

"మీకు అభ్యంతరం లేదా?"

"మా వదినండి," అన్నారు రత్నంగారు, అంతకంటే వివరించడానికి ఏముందన్నట్టు.

ఆయన నా వైపు తిరిగారు. "శిక్షణ మీరే కదా ఇచ్చింది?"

నాకు పుస్తకంలోని వాక్యం ఒక్కటీ గుర్తు రాలేదు. "సార్, చెప్పిన మాట చేరింది. చేరిందని జవాబొచ్చింది. చెయ్యి లాగుతోందని ఆమె దాచకుండా చెప్పింది. పోయినసారి మర్యాద నిండుగా ఉండింది సార్, ఒడ్డుకు నీళ్లే పోలా." యాస వచ్చేసింది. రానీ అనుకున్నాను.

ఆయన ఆ గడి మీద వేలితో తట్టారు. "మా అక్క నన్నింకా బోడిగుండు అనే పిలుస్తుంది," అన్నారు ఎవరితోనో అన్నట్టు. నిండైన జుట్టు ఆయనది. గడిలో ఏదో రాసి పలక నాకు చూపించారు.

మర్యాద: బంధువులు.

నెల్లూరు లేదు, భీమిలి లేదు. లోపలికి వెళ్లేసరికి భ్రమరాంబగారు రత్నంగారి చెయ్యి వేడినీళ్లలో ముంచి పట్టుకుని, కట్టు విప్పినందుకు నోటికొచ్చినట్టు తిడుతున్నారు. రత్నంగారు కళ్లు మూసుకుని వింటున్నారు, తల నిమురుతుంటే నిద్రొచ్చే పిల్లలా.

నమోదు 8
దొరికిన మాట: (కింద ఉంది)

వాన మొదలయ్యింది. నా పని అయిపోయింది. సంచి సర్దుకుంటుంటే ఒక చిన్న దిగులు పట్టుకుంది. దాన్ని ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను. ఈ తెప్ప మీద అందరూ ఒసే, ఒరే, ఎహె అనుకుంటున్నారు. నేనొక్కదాన్నే ఇంకా పంతులమ్మగారిని. వచ్చిన రోజున ఆ గారు ఎంత బాగుందో, ఇప్పుడు అంత బరువుగా ఉంది. నాకు వాళ్లతో అన్ని ఏళ్ల అన్నం లేదు కదా, అడగటానికి ఏం హక్కు అని నచ్చజెప్పుకున్నాను.

నిచ్చెన దగ్గర గుర్రాజు ఒక పొట్లం ఇచ్చాడు. దారిలో తినడానికి పులిహోర, అడుగున ఒక చచ్చిన చెవిపూస. "అష్టాచెమ్మా ఆడుకోండి," అన్నాడు. భ్రమరాంబగారు దగ్గుతూ, కషాయం గ్లాసుతో నిలబడ్డారు. రత్నంగారు కనపడలేదు. పంపుల దగ్గర పనుందేమో అనుకున్నాను.

పడవ కదిలింది. తెప్పకూ నాకూ మధ్య నీళ్లు వెడల్పయ్యాయి. వానకు చున్నీ తలమీదికి లాక్కుంటుండగా, పంపుల పక్కనుంచి రత్నంగారు పరిగెత్తుకుంటూ అంచుకొచ్చారు. గ్రీజు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అరిచారు.

"ఒసేయ్ కదిరమ్మా! చెప్పకుండా పోతావే దొంగమొహమా! వచ్చే వానాకాలానికి రాకపోయావో, కాళ్లిరగ్గొడతా!"

పడవాయన కంగారుపడి నా వైపు తిరిగాడు. "ఏంటండి, గొడవా?"

కాదని తల ఊపాను. తెప్ప మీద ఇప్పుడు ఇద్దరున్నారు, ఒక పొట్టి, ఒక పొడుగు. పొడుగావిడ పొట్టావిడ భుజం మీద చెయ్యి వేసి, ఎర్రగీత మీద ముల్లు ఆపిన గొంతుతో కేకేశారు.

"తగిలిందా?"

పడవలో లేచి నిలబడ్డాను. పడవాయన కూర్చోమని అరుస్తున్నా వినలేదు.

"తగిలింది!" అని అరిచాను. "తగిలిందప్పా!"